డాక్టర్ కంటే ముందొచ్చినామె

"బయల్దేరిండంట! సత్తుపల్లి గూడ దాటిండంట!"

సెల్‌ఫోన్ గాల్లో ఊపుకుంటూ గుట్ట దిగి పరుగెత్తుకొచ్చింది నర్సు హెప్సిబా. ఆ అడవి మొత్తానికి సిగ్నల్ దొరికేది ఆ గుట్ట మీదే మరి.

అంతే! దమ్మపేట అవతల, రోడ్డు పక్కనున్న ఆ చిన్న మిషన్ దవాఖానా ముందు ఒకటే సందడి. జంపయ్య డప్పు అందుకున్నాడు. ఆడవాళ్లు పందిట్లో నీళ్లు చల్లారు. సందడి ఉండదా? వచ్చేది హైదరాబాద్‌లో చదివిన చర్మం డాక్టరాయె! అదీ ఒళ్లంతా పొక్కులు లేచే పిల్లల కోసమే వస్తున్నాడాయె!

జంపక్కకైతే కాళ్లు నేల మీద నిలవడం లేదు. ఆమె చేతుల్లో వేపాకు పరిచిన చేట. అందులో ఎనిమిది నెలల కూతురు. కాస్త గట్టిగా పట్టుకుంటే చాలు, తోలు పొక్కులా లేచి ఊడివస్తుంది పాపం. అమ్మవారు పోసిందనుకుని ఎన్ని మొక్కులు మొక్కారో! మొదటి బిడ్డ ఇలాగే పోయాడు. ఇదైనా దక్కాలని ఆ తల్లి ఆరాటం.

"డాక్టరు సారు సూదేస్తే తగ్గుతది గదా సిస్టరమ్మా?" మళ్లీ అడిగింది.

"అవ్ తల్లీ, అవ్! ముందు సారును రానియ్యి" నవ్వింది హెప్సిబా.

పక్క గూడేల నుంచి అలాంటి పిల్లలతోనే ఇంకో ఇద్దరు తల్లులు వచ్చి కూర్చున్నారు.

అంతలో ఆటో ఆగింది. జంపయ్య దరువు మొదలెట్టేశాడు.

దిగింది డాక్టర్ కాదు. యాభై దాటిన ఆడమనిషి. ఎర్రటి ఎండలో నిండు చేతుల జాకెట్టు, కాళ్లకు గుడ్డ బూట్లు. ముఖం నిండా నవ్వు.

"జంపయ్యా, దరువు దండుగైంది పో!" అన్నారెవరో. అందరూ గొల్లుమన్నారు. ఆమె కూడా నవ్వేసింది.

"డాక్టర్ వెనక వస్తున్నడమ్మా. నాకే ఆగబుద్ధి కాక ముందొచ్చిన. ఏరీ పిల్లలు?"

తిన్నగా జంపక్క దగ్గరికొచ్చింది. పాపను చూడగానే ఆమె కళ్లు మెరిశాయి.

"బంగారుతల్లి! ఒక్కసారి ఇటియ్యమ్మా" అంటూ కొంగు చాటు నుంచి చేతులు చాచింది.

ఆ చేతులకు వేళ్లు విడివిడిగా లేవు. అన్నీ అతుక్కుపోయి రెండు పిడికిళ్లయ్యాయి.

జంపక్క చేటతో సహా వెనక్కి గెంతింది.

"ముట్టకు! నా బిడ్డకున్నది చాలదా? నీ పెద్దరోగం గూడ అంటియ్యాల్నా?"

"అయ్యో, ఇది అంటేది కాదమ్మా. నా మాటిను..."

ఎవరు వింటారు! ఆ చుట్టుపక్కల ఒకప్పుడు కుష్ఠు క్యాంపులు నడిచాయి. ముడుచుకుపోయిన చేతులు కనిపిస్తే అక్కడివాళ్లకు గుర్తొచ్చేది ఆ ఒక్క రోగమే.

మిగతా ఇద్దరు తల్లులూ పిల్లల్ని తీసుకుని లేచారు.

"గీమె ఉంటే మేముండం సిస్టరమ్మా. పోతం."

హెప్సిబా వాళ్లకు అడ్డం పోయింది. పిల్లలే పోతే డాక్టర్ వచ్చి ఏం లాభం?

"ఏమనుకోకమ్మా, నువ్వు గా రోడ్డుకాడ కూసో. ఆఖర్న నిన్ను గూడ సారుకు చూపిస్త" అంది వచ్చినామెతో.

ఆమె నవ్వు మాయమైంది. ఒక్క క్షణం పాపనే చూస్తూ నిలబడింది.

"వద్దులే బిడ్డా. దూరం కూసున్నా వీళ్లకు భయమే. నేనే పోత. మీరు మాత్రం కదలకండమ్మా, పిల్లలను చూపించుకునే పోండి."

అశ్వారావుపేట పోయే ఆ ఆటో ఇంకా కదల్లేదు. అందులోనే మళ్లీ ఎక్కి వెళ్లిపోయింది. హమ్మయ్య అనుకున్నారంతా.

కాసేపటికి డాక్టర్ జయరాజ్ జీపు రానే వచ్చింది! డప్పు, పూలదండ, పిల్లల కేకలు, ఒకటే గోల!

కుర్ర డాక్టరే గానీ చెయ్యి ఎంత నెమ్మదో! ముందుగా వేపాకు తీసేయించాడు. ఆకుల ఈనెలు గీరుకుంటే తోలు ఇంకా లేస్తుందన్నాడు. పాపను మెత్తటి నూలు చీర మడత మీద పడుకోబెట్టాడు. శుభ్రమైన సూదితో పొక్కును గుచ్చి నీరు తీశాడు. వాసలీన్ దట్టంగా పూసిన గుడ్డ వేసి వదులుగా కట్టు కట్టాడు. పాప కిక్కురుమనలేదు!

రెండో కట్టు జంపక్కతోనే కట్టించాడు.

"చూడు సిస్టరమ్మా, నాకొచ్చింది!" చిన్నపిల్లలా ఎగిరింది జంపక్క. "సారూ, ఇగ రోగం పోయే సూది గూడ వెయ్యి."

"అట్లాంటి సూది లేదమ్మా. ఇది అమ్మవారు కాదు, అంటురోగం కాదు. పుట్టుకతో వచ్చింది. రోజూ ఇట్లా చూసుకోవడమే దీనికి మందు."

జంపక్క ముఖం వాడిపోయింది.

"మరి నా బిడ్డ బతుకుతదా సారూ? పెద్దగైతదా? నిజం చెప్పు. నాకు ఒకడు పోయిండు."

జయరాజ్ హుషారుగా లేచాడు.

"నేను చెప్తే నమ్మవు. చూపిస్తా ఉండు. మీకు కనపడాలనే ఒకామె నాకంటే ముందొచ్చింది. ఏదీ? చేతులు ఇట్లా పిడికిళ్లలాగ ఉంటాయి..."

హెప్సిబా తల దించుకుంది.

"పెద్దరోగమనుకుని ఎల్లగొట్టినం సారూ" అంది జంపక్క. "ఎవరు సారూ ఆమె?"

జయరాజ్ ఖాళీ రోడ్డు వైపు చూశాడు.

"నీ బిడ్డకున్న ఈ జబ్బుతోనే పుట్టి, పెరిగి, పెళ్లి చేసుకుని, నన్ను కన్న మా అమ్మ."