మోటారు ఎవరి కోసం

"మోటారుది నాకొద్దు. చేత్తో చక్రం తిప్పేదే కావాలి," అన్నాడు ఆర్విడ్.

సరస్సు ఒడ్డున పడవను నీళ్లకు పైన ఎత్తి నిలిపే పాత లిఫ్టు తుప్పుపట్టింది. కొత్తది అమ్మడానికి వచ్చిన కర్ట్ మొగుడూ పెళ్లాల మధ్య ఇరుక్కుపోయాడు.

"ఈయన గుండెకు కోత పడి ఏడాది కాలేదు. మోటారుదే బిగించు కర్ట్," అంది మార్లిస్.

"గుండె సంగతి నువ్వే చెప్పాలి! ఎదురొడ్డునే ఆసుపత్రి, పడవలో పది నిమిషాలు. ఆరోజు నేనిక్కడ పడి కొట్టుకుంటుంటే, అంబులెన్సు సరస్సు చుట్టూ తిరిగొచ్చేదాకా పడవ దింపకుండా ఏడుస్తూ కూర్చున్నావు."

కర్ట్ తల దించుకున్నాడు. మిన్నెసోటా చలికాలమంతా ఆమె ఈ మాట పడుతూనే ఉంది.

మార్లిస్ చరచరా రేవు పలకల మీద నడిచివెళ్లి పాత లిఫ్టు చక్రాన్ని రెండు చేతులా పట్టుకుంది. పడవ నీళ్లలోకి దిగాలంటే ముందు చక్రాన్ని కాస్త పైకి తిప్పి కొక్కెం వదిలించాలి. ఆమె మెడ నరాలు ఉబ్బాయి. కాళ్లు జారాయి. చక్రం జానెడు కదిలి ఆగిపోయింది.

"ఆరోజూ ఇంతే కదిలింది," అంది రొప్పుతూ. "నువ్వేమో నా పేరు పెట్టి పిలుస్తూనే ఉన్నావు. చేతులు బొబ్బలెక్కినా తిప్పుతూనే ఉన్నాను ఆర్విడ్."

ఆర్విడ్ మెల్లగా దగ్గరికి వెళ్లి, చక్రానికి బిగుసుకుపోయిన ఆమె వేళ్లను ఒక్కొక్కటే విడిపించాడు.

"కర్ట్," అన్నాడు, "మోటారు మీట కాస్త కిందికి బిగించు. మా ఆవిడ చేతికి అందాలి."