తమ్ముడి చదరంగం

పాత విండోస్ 98 కంప్యూటర్ల కోసం ఉచిత ప్రోగ్రాములు వెతికి తన వెబ్‌సైట్‌లో దాచడం ఆషర్ సరదా. ఓ ఆదివారం ఆఫ్షీన్ అనే ఆమె సీతాఫల్‌మండి నుంచి అతని ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది.

“మా తమ్ముడు చేసిన చదరంగం ఆట నీ సైట్ల కెళ్లి జెర తీసెయ్యన్నా.”

“ఎందుకమ్మా? ఆడినోళ్లు ఆయనకు థాంక్స్ చెప్పుకుంట ఇప్పటికీ మెయిళ్లు రాస్తున్నరట గదా!”

“గదే తక్లీఫ్. వాడు చనిపోయి ఆరేండ్లు. ఆటల ఉన్న వాని అడ్రస్‌కు మెయిల్ వచ్చి, వాని ఫోన్ మోగినప్పుడల్లా అమ్మీ, ‘వాడు యాడనో ఉన్నడు, అందుకే రాస్తున్నరు’ అని తలుపు తీసి కూసుంటది.”

ఆషర్ ఆమె ముందే ఆట తీసేశాడు. ఆమె కళ్లు తుడుచుకుంది.

“షుక్రియా అన్నా. ఇగ మెయిళ్లు రావు గదా?”

ఆ ఆటను ఎందరో దింపుకుని తమ సైట్లలో పెట్టుకున్నారని ఆషర్‌కు తెలుసు.

“రావమ్మా,” అన్నాడు.