కహేతా ఆఖరి గుడ్లు

"నా గుడ్లు! నా గుడ్లు ఏం చేశారయ్యా?"

హసింతా గుమ్మంలో నిలబడి అరిచిన అరుపుకు వీధి చివర వేడివేడి మొక్కజొన్న తమాలేలు అమ్మేవాడు కూడా తల తిప్పి చూశాడు.

అద్దెగదిలో మంచంమీద గోడకు చేరగిలబడి కూర్చుని ఉన్నాడు డాన్ ఫెర్మీన్. డెబ్బై దాటిన మనిషి, అందుకే పేరు ముందు ఆ గౌరవపు 'డాన్'. ఒంటిమీద రెండు దుప్పట్లు. చొక్కా గుండీలు విప్పి, పొట్టకు ఆనించి ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బా పట్టుకున్నాడు.

ఆ డబ్బాలో ఉన్నవి బల్లి గుడ్లు.

గోడమీద పాకే బల్లి కాదు. ఒంటినిండా చిరుతమచ్చలుండే పెంపుడు బల్లి. తొలూకా ఊళ్ళో ఆ ఇంట్లోనే ఆడబల్లుల్ని సాకి, గుడ్లు పొదిగించి, పిల్లల్ని అమ్ముకుని బతుకుతోంది హసింతా. వాటన్నిటిలో కహేతా రాణి. కాచిన పాలకోవా రంగు. అలాంటిది ఊళ్ళో ఇంకెవరి దగ్గరా లేదు.

ఆ కహేతా ఆ ఏడు ఆరోసారి గుడ్లు పెట్టి, నాలుగో రోజున చచ్చిపోయింది. ముందటి పిల్లలన్నీ పొరుగూళ్ళకు అమ్ముడుపోయాయి, మిగిలినవి ఈ రెండు గుడ్లే. ఇవీ పోతే ఆ రంగు పోయినట్టే.

ఫెర్మీన్ ముందే చెప్పాడు.

"తోక చూడండి సెన్యోరా. కొవ్వంతా కరిగి పుల్లలా అయింది. కాల్షియం పొడి ఎంత పెట్టినా సరిపోదు. ఈ ఏడాదికి దాన్ని మగదానితో కలపకండి. తల్లికి కాస్త విశ్రాంతి ఇవ్వండి."

"మీరు అద్దెకొచ్చింది గదికి డాన్ ఫెర్మీన్, నా బల్లులకు కాదు!"

ఆయన నవ్వి తన గదిలోకి వెళ్ళాడు.

మూడు రోజుల కిందట హసింతా మొరేలియాలో పిల్లల్ని ఇచ్చి రావడానికి వెళ్ళింది. తిరిగొచ్చే దారిలో లారీలవాళ్ళు సమ్మె చేస్తూ రోడ్డుకు అడ్డం కూర్చున్నారు. బస్సు కదల్లేదు. ఫోన్ చచ్చిపోయింది. ఇక్కడ గాలివానకు ట్రాన్స్‌ఫార్మర్ పేలి ఊరు సగం చీకటైంది. ఆ సంగతి ఆమెకు ఇంటికొచ్చాకే తెలిసింది.

"కరెంటు పోయి రెండు రోజులైంది సెన్యోరా," అన్నాడు ఫెర్మీన్. "పొదిగే పెట్టె చల్లబడిపోయింది. మీకు ఫోన్ కలవలేదు. చలికి లోపల పిల్లలు పోతాయేమోనని..."

"అందుకని తీసి పొట్టమీద పెట్టుకున్నావా? నీకేమైనా బుద్ధుందా?"

గుమ్మంలో ఉన్న మర్యాద మంచం దగ్గరికొచ్చేసరికి పోయింది.

బల్లి గుడ్డు కోడిగుడ్డు లాంటిది కాదు. పెట్టినప్పుడు ఏ వైపు పైకి ఉందో, పగిలేదాకా ఆ వైపే పైకి ఉండాలి. అందుకే పెట్టగానే పెన్సిలుతో నెత్తిన చుక్క పెడతారు. గుడ్డు దొర్లిందంటే లోపల పిల్ల పోయినట్టే. ఇంటికొచ్చిన సొంత అక్కను కూడా ఆ పెట్టె దగ్గర గట్టిగా నడవనిచ్చేది కాదు హసింతా.

"దొర్లనివ్వలేదు సెన్యోరా. రెండు రోజులూ పడుకోలేదు, ఇలాగే కూర్చున్నాను. చుక్క పైకే ఉంది. చూడండి."

ఆమె చూడలేదు.

"డబ్బా అక్కడ పెట్టు. సంచీ తీసుకుని నడువు."

"వాన పడుతోంది కదమ్మా. రేపు పొద్దున్నే..."

"ఇప్పుడే!"

ఆయన డబ్బాను బల్లమీద మెల్లగా దించాడు. చుట్టూ ఒక దుప్పటి చుట్టాడు. చొక్కా గుండీలు పెట్టుకున్నాడు.

"వెచ్చగా ఉంచండి," అని చెప్పి వానలోకి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత హసింతా డబ్బా మూత తీసింది.

రెండు చుక్కలూ పైకే ఉన్నాయి.

గబగబా గుమ్మం దాకా వెళ్ళింది. కానీ వీధిలో ఎవరూ లేరు. అయినా ఈపాటికి లోపల చచ్చే ఉంటాయిలే అని తనకు తానే సర్దిచెప్పుకుంది.

చావలేదు. ఆ రాత్రే కరెంటొచ్చి పెట్టె వేడెక్కింది, నవంబరులో రెండూ పిల్లలయ్యాయి. అచ్చం కహేతా రంగే.

"అన్ని గంటలు కరెంటు లేకపోతే ఎలా కాపాడావే తల్లీ? మావన్నీ కుళ్ళిపోయాయి," అని వాపోయింది పక్కవీధిలో బల్లులు పెంచే రొసౌరా.

"చెయ్యి తిరగాలి," అంది హసింతా గొప్పగా.

ఫెర్మీన్ పేరు ఎత్తలేదు. సిగ్గులేని నోరు!

మరుసటి వారం ఒక మగమనిషి, ఒక ఆడమనిషి తలుపు తట్టారు. నలభై దాటి ఉంటాయి. ఇద్దరివీ ఒకటే ముఖాలు.

"డాన్ ఫెర్మీన్ సామానేమైనా ఇక్కడ ఉండిపోయిందా సెన్యోరా?" అని అడిగాడు అతను.

"ఒక దుప్పటి ఉంది. ఆయన రాలేదే?"

"పోయారండీ. బస్టాండులో బెంచీమీద పడుకునేవారట. ఛాతీకి నెమ్ము పట్టింది. మాకు కబురందేసరికి ఆలస్యమైపోయింది."

హసింతా తలుపు రెక్క పట్టుకుంది.

"ఆయన... నా గురించి ఏమైనా అన్నారా?"

"అన్నారు. ఆ ఇంటావిడ గుడ్లు పిల్లలయ్యాయో లేదో కనుక్కోమన్నారు."

"అయ్యాయి," అంది. మళ్ళీ చెప్పింది. "అయ్యాయండీ."

"మంచిది," అంది ఆడమనిషి, కళ్ళు తుడుచుకుంటూ. "మా ఇంటికొచ్చి ఉండమని ఎన్నిసార్లు బతిమాలామో. మీకెందుకు బరువు అనేవాడు."

"మీరు ఆయన పిల్లలా?"

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"కాదండీ, ఆయనకు పెళ్ళే కాలేదు," అంది ఆమె. "మేం ఏడో నెలలో పుట్టిన కవలలం. అమ్మ కాన్పులోనే పోయింది. భూకంపం వచ్చి ఆస్పత్రిలో కరెంటు పోతే, ఇక వీళ్ళు బతకరని డాక్టర్లు వదిలేసిన మమ్మల్నిద్దర్నీ, వార్డు ఊడ్చే ఫెర్మీన్ చొక్కా లోపల పెట్టుకుని మూడు రోజులు నడుం వాల్చకుండా కూర్చున్నాడు."