వాగు దగ్గరి డప్పు

వాగు ఒడ్డుకు రాగానే గుర్రం మళ్లీ ఎగరడం మొదలుపెట్టింది.

సంజీవ్‌కు ఒళ్లు మండింది. ఎదురొడ్డున ఆ ముసలాయన ఈ రోజు కూడా డప్పు కొడుతున్నాడు.

ఇవి కోరుట్లలో కొన్న బరాత్ గుర్రాలు. పెళ్లి ఊరేగింపుల్లో పెరిగినవి. డప్పు వినపడితే చాలు, అడుగు ముందుకు వేయవు. నిలబడ్డచోటే ఎగురుతాయి.

గొల్లపల్లి సంజీవ్ ఖతర్‌లో గుర్రాల దగ్గర పనిచేసి వచ్చాడు. అక్కడి కష్టమంతా ఈ గుర్రాల మీదే పెట్టాడు. ఆదివారం, డబ్బు కట్టి గుర్రమెక్కే సిరిసిల్ల వాళ్లతో మొదటి సవారీ. చందుర్తి దాటి, వాగు దాటి, వానకు తడిసిన అడవిలోకి. ముందు గుర్రం మీద కూతురు మనీషా.

"ఓ పెద్దాయనా! ఏందీ లొల్లి? గుర్రాలు కదుల్తలేవు!"

"గీ వాగును నమ్మకు పటేలా. గుట్టల మీద వాన పడితే చెప్పకుండ అస్తది."

"మోకాలు లోతు గూడ లెవ్వు నీళ్లు!"

"గందుకే నమ్మొద్దంటున్న."

సంజీవ్ వాగు దాటి వెళ్లి డప్పు లాక్కున్నాడు. ముసలాయన పెనుగులాడలేదు. చేతులు మాత్రం గాలిలో కొడుతూనే ఉన్నాయి.

"డాడీ, పాపం..." అంది మనీషా.

"నువ్వు ఊకో బిడ్డ. ఆదివారం అయినంక ఇస్త."

డప్పును గుర్రాల కొట్టంలో మేకుకు తగిలించాడు.

ఆదివారం ఎండ బాగానే కాసింది. గుట్టల వైపే మబ్బు నల్లగా దిగింది. సంజీవ్ అటు చూసి, చూడనట్టే ఊరుకున్నాడు.

వాగు దగ్గర ఒక్క పిట్ట కూడా అరవడం లేదు. సిరిసిల్ల వాళ్లందరికంటే ముందు మనీషా గుర్రం ముందుకాళ్లు నీళ్లలో పెట్టింది.

ఎదురొడ్డున ముసలాయన లేచాడు. చేతిలో ఖాళీ నూనె డబ్బా. కొట్టాడు. ఆ చప్పుడు ఇవతలి ఒడ్డు దాకా రాలేదు. గుర్రం ఇంకో అడుగు వేసింది.

ముసలాయన వాగులోకి దిగాడు. డబ్బా కొడుతూ వాగు నడుమ దాకా వచ్చాడు.

గుర్రం ఆగింది. ఉన్నచోటే ఎగరసాగింది.

"డాడీ, ఇది కదుల్తలేదు!"

సంజీవ్ తిట్టబోయాడు. అప్పుడే ఎర్రనీళ్లు ఒక్కసారిగా దూకి వచ్చాయి. సంజీవ్ తన గుర్రం మీంచి దుమికి, కూతురి గుర్రాన్ని కళ్లెం పట్టి ఒడ్డుకు లాగాడు.

వెనక్కి తిరిగి చూస్తే వాగు నడుమ ఎవరూ లేరు.

మర్నాడు, సంజీవ్ ఇక వద్దనుకున్న గుర్రాలను తిరిగి తీసుకుపోవడానికి, అమ్మిన భీమయ్యే కోరుట్ల నుంచి వచ్చాడు. కొట్టంలో డప్పు చూసి ఆగిపోయాడు.

"గిది పోశం డప్పు గద! నీ కాడికెట్లచ్చింది?"

సంజీవ్ తలవంచుకుని జరిగినదంతా చెప్పాడు.

"గా తొవ్వలనా నువ్వు సవారీ పెట్టింది!"

భీమయ్య డప్పును దించి ఒళ్లో పెట్టుకున్నాడు.

"పోయిన శ్రావణంల గదే వాగుల పోశం కొడుకు కొట్టుకపోయిండు. పెండ్లికొడుకు. గుర్రం నాదే."

సంజీవ్ గుర్రాల వైపు చూశాడు.

"బరాత్‌ల డప్పు కొట్టింది గూడ పోశమే. చేతులు నొస్తున్నయని వాగు కాడ ఒక్క నిమిషం ఆపిండు."