ఆరో నంబరు గది తాబేలు

"మనుషులే సర్దుకుపోతున్నారు. తాబేలుకి హీటరా?" మేనేజరు పడీ పడీ నవ్వాడు.

టీచరమ్మ నవ్వలేదు. పెద్దవాళ్ళ హాస్టలు రూల్స్ పుస్తకం ఆయన బల్ల మీద పెట్టి, ఓ చోట వేలు ఆనించింది.

"పద్నాలుగో రూలు. పైకి చదవండి."

ఆయన చదివాడు. చిన్న పెంపుడు జంతువులను గదిలో ఉంచుకోవచ్చును. వాటికి తగిన వేడి, వెలుతురు హాస్టలు వారు కల్పించవలెను.

"ఇది రాసిందెవరు?"

"నేనే" అన్నాడు మేనేజరు నీరసంగా. పై ఆఫీసు మెప్పు కోసం ఎక్కడో చూసి దించిన రూలది. ఇప్పుడు మెడకి చుట్టుకుంది.

పదకొండో రూలు కూడా ఆయన రాసిందే. గదుల్లో ఉండేవారు హీటర్లు వాడరాదు. అది చూపించే, టీచరమ్మ పెట్టిన మూడు అర్జీలూ తిప్పికొట్టాడు. అవి ఆమె కోసం కాదు, ఆమెతో పాటు ఆరో నంబరు గదిలో ఉండే కుట్టుపని అక్క కోసం. ఆ గది ఎండ మొహం ఎరగదు. చలికాలం వచ్చిందంటే అక్క వేళ్ళు కొయ్యబారిపోతాయి. సూదిలో దారం ఎక్కదు సరికదా, జాకెట్టు హుక్కు కూడా పెట్టుకోలేదు. బతుకంతా ఆ వేళ్ళతోనే బతికిన మనిషి, వాటిని ఒళ్ళో పెట్టుకుని ఏడుస్తుంది.

"ఇంకో దుప్పటి కప్పుకోమనండి." ఇదీ మేనేజరు జవాబు. ఆ మాటకి టీచరమ్మ ఒళ్ళు మండింది. ఇంకా మండుతూనే ఉంది.

ముప్పై నాలుగేళ్ళు సైన్సు చెప్పిందావిడ. అబద్ధమాడిన పిల్లల్ని బెంచీ ఎక్కించేది. తను మాత్రం ఒక్కటీ ఆడి ఎరగదు. ఆ సంగతి హాస్టల్లో అందరికీ తెలుసు. మేనేజరుకి మరీ బాగా తెలుసు.

సరే, చూద్దామని గదికి వచ్చాడు. అక్క మంచం పక్కనే బల్ల, బల్ల మీద గాజు తొట్టి. అడుగున ఇసుక, ఓ మూల ఎండుగడ్డి, నీళ్ళ పళ్ళెం, దాని పక్కన తాబేలు. మేనేజరు గుమ్మం దాటలేదు. పాకేవాటితో ఆయనకి పడదు.

"కరుస్తుందా?"

"నా దగ్గరున్న ఇన్నేళ్ళలో ఎవర్నీ కరవలేదు."

"మరి కదలదేం?"

"ఇంత చలిలో ఏ తాబేలు కదులుతుందండీ? మనకి మల్లే వాటి ఒంట్లో వేడి పుట్టదు. బయటి నుంచి తెచ్చుకోవాల్సిందే."

"తింటోందా?"

"ఈ గదిలోకి వచ్చాక ఆకు కూడా ముట్టలేదు."

మేనేజరు ఓ అడుగు వెనక్కి వేశాడు. "కొంపదీసి, ఏమన్నా అయితేనో?"

"ఈ గదిలో చలికి ఏ ప్రాణం పోయినా, పై ఆఫీసుకి కాయితం రాసుకోవాల్సింది మీరే."

అక్క దుప్పటి ముసుగు ఇంకాస్త పైకి లాక్కుంది.

మర్నాడే ఎలక్ట్రీషియన్ వచ్చాడు, క్లిప్పుతో తగిలించే బల్బొకటి పట్టుకుని.

"అది జారి గడ్డి మీద పడితే గదంతా అంటుకుంటుంది. తీసుకెళ్ళు నాయనా."

ఈసారి కరెంటుతో వేడెక్కే రాయి తెచ్చాడు.

"కింద కాలుతోందని వాటికి తెలీదు. పొట్ట మాడేదాకా దాని మీదే కూర్చుంటాయి. ఇదీ వద్దు."

మూడోసారి మేనేజరే వెంట వచ్చాడు, రుసరుసలాడుతూ. "ఏం కావాలో మీరే చెప్పండి తల్లీ! మీకో దణ్ణం!"

టీచరమ్మ పాఠం చెప్పినట్టు చెప్పింది. "పింగాణీ హీటరు. చుట్టూ ఇనప జాలీ ఉండాలి, ఎవరూ పొరపాటున తగిలి కాలకుండా. గోడకి స్క్రూలతో బిగించాలి. వేడి హద్దు దాటితే దానంతట అదే ఆగిపోయే థర్మోస్టాట్ ఉండాలి. పగటి పూటకి ఎండలాంటి తెల్లటి లైటు విడిగా. వైర్లు నీళ్ళకి ఆమడ దూరం."

"తొట్టికి సరిగ్గా పైన బిగించనా అమ్మా?" అన్నాడు ఎలక్ట్రీషియన్.

"ఇవతలికి బిగించు, మంచం వైపు. నెత్తి మీదే కుమ్మరించకూడదు. కావాలంటే వేడిలోకి రావాలి, చాలనుకుంటే పక్కకి జరగాలి. అదీ పద్ధతి."

"తాబేలుకి రాజభోగం!" సణిగాడు మేనేజరు.

"మీ రూలే కదండీ."

సాయంత్రానికల్లా అంతా బిగించారు. గది వెచ్చబడింది. మేనేజరు కాయితం మీద సంతకం గీకి, గుమ్మంలోంచే మెడ సాచాడు.

"ఇప్పుడన్నా కదులుతోందా?"

"తాబేలు కదండీ, తొందరేముంది?" అని టీచరమ్మ ఆయన మొహం మీదే తలుపేసింది.

గడియ పడగానే అక్క ముసుగు తీసి పది వేళ్ళూ హీటరు ముందు చాపింది. టీచరమ్మ తాబేలును చేతిలోకి తీసుకుని బోర్లించి, ఏడో తరగతి పిల్లలు మట్టి ఆరకముందే దాని పొట్ట మీద పుల్లతో గీసిన 'మా టీచరుకి' అన్న అక్షరాల్లోంచి ఇసుక దులిపింది.