నలభై ఒకటో అర్థం

"రన్ అంటే పరిగెత్తడం. ఒకటో తరగతి పిల్లల్ని అడిగినా చెప్తారు," అన్నాడు ఆఫీసరు. "దానికి నలభై ఒక్క అర్థాలేమిటండీ, విడ్డూరం కాకపోతే!"

"ముక్కు కారినా రన్నేనండీ. బస్సు నడిచినా, కొట్టు నడిపినా, ఉతికితే చీర రంగు దిగినా రన్నే. ఎన్నికల్లో మనం నిలబడతామా, అమెరికావాళ్ళు అక్కడా పరిగెడతారు," అంది మేడమ్.

ఆమె బల్ల మీద రెండు నిఘంటువుల్ని పక్కపక్కనే తెరిచి పెట్టింది. ఒకటి ఆమెది, నిరుడు అచ్చయింది. రెండోది రిటైరైన ఓ ఇంగ్లీషు మాస్టారిది, ఈ ఏడాదే వచ్చింది. బడి లైబ్రరీలన్నిటికీ ఈ రెంటిలో ఒక్కదాన్నే కొంటారు. ఏది కొనాలో తేల్చేది ఈ ఆఫీసరే. తన పుస్తకం వెళ్ళకపోతే ప్రెస్సుకి తాళం వేసుకోవడమేనని మేడమ్‌కి తెలుసు.

ఇంతలో తలుపు తోసుకుని మాస్టారు వచ్చారు. డెబ్భై దాటిన మనిషి, చంకలో గొడుగు. ఆయన్ని చూడగానే మేడమ్ చటుక్కున లేచి నిలబడింది. కత్తులు నూరాల్సిన చోట ఈ మర్యాదలేమిటని తన మీద తనకే ఒళ్ళు మండి, మళ్ళీ కూర్చుంది.

"మాస్టారూ, మీ పుస్తకంలో రన్‌కి నలభై ఒకటో అర్థం కాస్త పైకి చదవండి."

మాస్టారు కళ్ళజోడు సవరించుకున్నారు. "పనేమీ లేకపోయినా, చేత ఫైలు పట్టుకుని వరండాలో హడావుడిగా తిరుగుట."

"అలాంటి అర్థం ఈ భూమ్మీద లేదు. నేనే పుట్టించాను," అంది మేడమ్.

నిఘంటువులు చేసేవాళ్ళకి ఇదొక పాత అలవాటు. కాపీ కొట్టినవాడు దొరికిపోవాలని, అసలు అర్థాల మధ్య ఎక్కడో ఒక దొంగ అర్థాన్ని ఇరికిస్తారు. ఎలుకకి బోను పెట్టినట్టు.

ఆఫీసరు బుర్ర గోక్కున్నాడు. "లేదంటారేమిటండీ? మా ఆఫీసులో సగంమంది చేసేది అదే."

"చేసేవాళ్ళు బోలెడుమంది ఉన్నారండీ. దాన్ని రన్ అనేవాళ్ళే లేరు."

మాస్టారి మొహంలో కత్తివాటుకి నెత్తురుచుక్క లేదు.

"మా కోడలు టైపు చేస్తూ, 'వాళ్ళకి నలభై ఒకటి ఉన్నాయి మావయ్యా, మనకి ఒకటి తక్కువైతే ఏం బాగుంటుంది' అని చేర్చిందమ్మా. నేను చూసుకోలేదు. ఆ తప్పు నాదే. కానీ తక్కిన నలభై నా రెక్కల కష్టం. ముప్ఫై ఏళ్ళు బోర్డు మీద రాసి చెప్పినవి."

"మరి ఆ నలభై, అదే వరసలో, నా పుస్తకంలో నిరుడే ఎలా వచ్చాయి మాస్టారూ?"

"అదే నాకూ అంతుపట్టడం లేదమ్మా."

మేడమ్ ఆఫీసరు వైపు తిరిగింది. "అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి ఒక్క మెతుకు పట్టుకుంటే చాలు కదండీ."

ఆఫీసరు మంచివాడు. ముసలాయన్ని చూసి జాలిపడ్డాడు. "బోర్డు మీద రాశానంటున్నారుగా. ఏ శిష్యుడి దగ్గరైనా పాత నోట్సు ఉంటే తెప్పించండి, చూద్దాం."

మేడమ్ మంచినీళ్ళ గ్లాసు అందుకుని గడగడా తాగేసింది.

"నోట్సులు ఎవరు దాచుకుంటారు బాబూ? పరీక్ష అయిన మర్నాడే తూకానికి వేసేస్తారు," అన్నారు మాస్టారు.

ఇంకేముంది! ఆఫీసరు ఒక నిట్టూర్పు విడిచి, మేడమ్ కాగితాల మీద సంతకం పెట్టేశాడు.

మాస్టారు గొడుగు తీసుకుని గుమ్మం దాకా వెళ్ళి ఆగారు. కోపమేమీ లేదు ఆయన గొంతులో.

"దొంగదే అయినా, ఆ అర్థం భలే రాశావమ్మా. నా దగ్గర చదివి ఉంటే నూటికి తొంభై వేసేవాణ్ణి."

మేడమ్‌కి సిగ్గేసింది. అయినా కాగితాలు మాత్రం సంచీలో జాగ్రత్తగా సర్దుకుని బయటపడింది.

ఇంటికి వెళ్ళగానే తలుపు గడియ పెట్టి, బీరువా అడుగు నుంచి పాత నోట్సు లాగి, మాస్టారు బోర్డు మీద రాస్తుంటే ముందు బెంచీలో కూర్చుని వరస తప్పకుండా ఎక్కించుకున్న ఆ నలభై అర్థాల్నీ ముక్కలు ముక్కలుగా చించి పారేసింది.