బలపరిచేదెవరు?

సింహాచలం ఇంట్లో ప్రతి ఆదివారం టిఫిన్ల వేళ మీటింగు జరుగుతుంది. ఏం మాట్లాడుకోవాలో పైనుంచి ఎవరూ చెప్పరు. మనసులో ఉన్నది ఎవరైనా ఫ్రిజ్ తలుపు మీద రాయొచ్చు. ఇంకొకరు బలపరిస్తే దాని మీద చర్చ. ఇప్పుడు అన్ని ఇళ్లలోనూ అంతే. రెండేళ్లుగా ఇంట్లో వస్తువులకూ ఆ హక్కు వచ్చింది. చర్చలో తేలింది ఏ ఆఫీసుకి చేరాలో ఆ ఆఫీసుకి దానంతటదే వెళ్లిపోతుంది.

ఆవేళ ఫ్రిజ్ మీద కూతురు హేమ రాసిన "కొత్త చెప్పులు" కింద బాత్రూం అద్దం ఇంకో వరుస రాసింది.

"సింహాచలం గారి కుడిచెయ్యి వణుకు."

అతను ఘాట్ రోడ్డులో బస్సు నడుపుతాడు. ఈ మాట డిపోకి చేరితే రేపు స్టీరింగు ముట్టుకోనివ్వరు. అరచేత్తో తుడిచాడు. చెరిగింది, మళ్లీ వచ్చింది.

"ఎవరూ బలపరచొద్దు. మీకు దణ్ణం పెడతాను," అన్నాడు గొంతు తగ్గించి.

"నిజంగానే వణుకుతోందా నాన్నా?" అంది హేమ.

"నోరు మూసుకుని తిను," అంది భార్య పైడమ్మ.

చెప్పుల సంగతి రెండు నిమిషాల్లో తేలిపోయింది.

"రెండో విషయం. బలపరిచేవాళ్లున్నారా?" అంది ఫ్రిజ్. పది దాకా లెక్కపెట్టడం మొదలెట్టింది.

హేమ కంచంలోంచి తలెత్తలేదు. మిక్సీ కూడా పలకలేదు. బల్లకింద అతని కుడిచేతిని పైడమ్మ రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. లెక్క తొమ్మిదికి వచ్చింది.

ఆమె అరచేతుల మధ్యనుంచి, అతని మణికట్టుకున్న వాచీ మర్యాదగా అంది:

"నేను బలపరుస్తున్నాను."